టెలివిజన్ వేళలు అంతరించునా? – పూడిమడక తీరమునుండి ఒక పరిశీలన

టెలివిజన్ ఛానళ్ళకు కాలము చెల్లినదనియు, ఎవరికి ఏ వేళ ఏది కావలెనో ఆ వేళ దానిని ఇంటర్నెట్ ద్వారా తెప్పించుకొని చూచు పద్ధతియే ఇక నిలుచుననియు ఈ మధ్య తరచుగా వినవచ్చుచున్నది. ఓటీటీ అని అందరును పిలుచుచున్న ఈ పద్ధతిని సమర్థించువారు చూపు సాక్ష్యములు తేలికైనవి కావు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2007లో అమెరికాలో ఇంటర్నెట్ ద్వారా చలనచిత్రములను పంపుట ప్రారంభించినది. పదునెనిమిది సంవత్సరములు తిరుగునప్పటికి, 2025 మే నెలలో, ఆ దేశప్రజలు టెలివిజన్ తెరముందు గడపిన కాలములో 44.8 శాతము ఈ కొత్త పద్ధతికే చెందినదని నీల్సన్ సంస్థ లెక్క తేల్చినది. కేబులు ఛానళ్ళను, గాలిలో వచ్చు ఛానళ్ళను కలిపి లెక్కించినను అంతకు కొంచెము తక్కువయే అయినది. మనదేశమునకు నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో వచ్చినది. తెలుగువారికొరకే ‘ఆహా’ 2020లో వెలసినది. దూరదర్శన్‌ను నడపు ప్రసార భారతి సైతము 2024 నవంబరులో ‘వేవ్స్’ అను పేర ఇట్టి వేదికనే తెరచినది. ఛానళ్ళ యజమానులే ఆవలి గట్టున ఇండ్లు కట్టుకొనుచుండగా ఈవలి గట్టు నిలుచునా అని అడుగుట సహజమే.

అయినను ఈ వాదములో ఒక చిక్కు కలదు. రెండు వేర్వేరు సంగతులను ఇందులో ఒకే ముడిగా వేయుచున్నారు. మొదటిది వేళ: కార్యక్రమము ఎప్పుడు చూడవలెనో నిర్ణయించునది పంపువాడా, చూచువాడా? రెండవది మార్గము: ఒకే తరంగమును అందరిమీదికి ఒక్కసారిగా వెదజల్లుచున్నామా, లేక అడిగిన ప్రతివానికిని ఒక్కొక్క ప్రతిని విడివిడిగా పంపుచున్నామా? బ్రాడ్‌కాస్టింగ్ అను ఆంగ్లపదము రేడియోకంటె పాతది. చేతితో విత్తనములను చేనంతట చల్లుటకు ఆ దేశపు రైతులు వాడిన మాట అది. ఈ తేడా మన రైతులకును తెలిసినదే. వెదజల్లిన మడిలో ఏ గింజ ఎక్కడ పడినదో ఎవరును లెక్కింపరు. నాట్లు వేయు మడిలోనైతే ప్రతి మొక్కను చేతితో గ్రుచ్చవలెను. దూరదర్శన్‌లో వేళ పంపువానిది, మార్గము వెదజల్లుట. ఓటీటీలో వేళ చూచువానిది, మార్గము నాటుట. ఈ రెండు జతలే మనకు అలవాటైనందున వేళ పోయినచో వెదజల్లుటయు దానితోపాటే పోవునని తలచుచున్నాము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో తేల్చుటకు పట్టణపు డ్రాయింగు రూముకంటె సముద్రపు టొడ్డు మంచి పరీక్షాస్థలము.

అనకాపల్లి జిల్లా అచ్యుతాపురము మండలములోని పూడిమడక బంగాళాఖాతపు ఒడ్డుననున్న మత్స్యకార గ్రామము. విశాఖపట్టణమునకు నైరుతి దిశగా సుమారు 40 కిలోమీటర్ల దూరములో నున్నది. ఇచ్చట నెలకొల్పదలచిన ఎన్.టి.పి.సి. హరిత హైడ్రోజన్ కేంద్రమునకు ప్రధానమంత్రి 2025 జనవరి 8న విశాఖపట్టణమునుండి శంకుస్థాపన చేసిననాటినుండి దీని పేరు పత్రికలలో మరింతగా వినబడుచున్నది. ఆ కేంద్రముతో మన కిప్పుడు పనిలేదు. మనకు కావలసినవారు వేటకు పోవు జనము, వారి ఇండ్లలోని పిల్లలు, సమీపముననున్న అచ్యుతాపురపు పారిశ్రామిక మండలిలో షిఫ్టులవారీగా పనిచేయు వారి అక్కచెల్లెండ్రు.

మొదట వేళ సంగతి చూతము. టెలివిజన్ వారి గడియారము పట్టణపు ఉద్యోగి గడియారము. రాత్రి ఎనిమిదికి భోజనము, తొమ్మిదికి సీరియలు, అటుపిమ్మట నిద్ర అను క్రమమునుబట్టి అది తయారైనది. తెల్లవారక మునుపే బోటును అలలు దాటింపవలసినవానికి ఆ గడియారము సరిపడదు. ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు అమలులోనుండు వేట నిషేధకాలములో తప్ప అతని దినము గాలిని, అలలను, చేపల రాకను అనుసరించి నడచును. రాత్రి షిఫ్టుకు పోవు అమ్మాయి స్థితియు ఇంతే. తీరిక దొరికిన వేళ ఇసుకలో కూర్చుండి ఫోనులో తనకు కావలసిన చిత్రమును చూచుకొనగలుగుట ఇట్టివారికి నిజమైన లాభము. దీనిని సోమరితనమనియో వ్యసనమనియో నిందించు పెద్దలు, సీరియలు వేళకు వంట ముగించుకొనుటకు తాము పడిన హడావుడిని మరచినట్లున్నారు.

ఇంతకును ఈ వేళలు ఏల ఏర్పడినవి? ఎవరో పెద్దలు జనమునకు క్రమశిక్షణ నేర్పుటకు పెట్టినవి కావు. తరంగములు కొద్ది, ప్రసారిణులు కొద్ది. కావున ఒకరి తరువాత ఒకరికి వంతులు పంచవలసి వచ్చినది. 1975 ఆగస్టు 1నుండి 1976 జూలై 31వరకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము సహాయముతో మనదేశములో ‘సైట్’ అను ప్రయోగము జరిగినది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలో 2,400 గ్రామములకు టెలివిజన్ చేరినది. ఒక్క ఉపగ్రహము అన్ని భాషలవారికిని పనిచేయవలెను గనుక తెలుగునకు, కన్నడమునకు, ఒడియాకు, హిందీకి వేళలు విభజించి యిచ్చిరి. తరువాత 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము వచ్చినది. 1982లో రంగులు వచ్చినవి. 1995లో జెమిని, ఈటీవీ వంటి ప్రైవేటు తెలుగు ఛానళ్ళు వచ్చినవి. ఒక్కటి పదియై, పది వందయైనను వేళల పట్టిక మాత్రము మారలేదు. కొరత పోయినను కొరతనాటి ఆచారము మిగిలినది.

ఈ ఆచారపు ఇబ్బందిని ఛానళ్ళు నడుపువారు ఎరుగకపోలేదు. కేంద్ర ప్రభుత్వము 2017 జూలైలో ‘స్వయంప్రభ’ పేర 32 విద్యా ఛానళ్ళను ప్రారంభించినప్పుడు, దినమునకు కనీసము 4 గంటల కొత్త పాఠములను ప్రసారముచేసి, వానినే ఆ దినమున మరి 5 సార్లు తిరిగి చూపునట్లు ఏర్పాటుచేసినది. విద్యార్థి తనకు వీలైన వేళ చూడవచ్చునని ఉద్దేశము. ఇది ఛానలు రూపములోనున్న ఓటీటీయే గదా! కాని మొండి ఓటీటీ. పాఠము నడుమ ఒక సమీకరణము అర్థము కానిచో ఆపి, వెనుకకు త్రిప్పి చూచుటకు వీలులేదు. పాఠము నేర్చుకొనుటలో ఆపుట, వెనుకకు పోవుట అను రెండును ముఖ్యములని ప్రతి ఉపాధ్యాయునికిని తెలియును. కనుక పాఠములకు, కథలకు, చలనచిత్రములకు వేళల పట్టిక అంతరించిపోవుననియే నా అభిప్రాయము. అంతరించినను విచారింపవలసిన పనిలేదు.

అందరు కలిసి ఒకే వేళకు చూచుటలో ఒక ఆనందమున్నదనుట నిజమే. 1987–88లలో ఆదివారపు ఉదయములను ఆక్రమించిన రామాయణము సీరియలును 2020 మార్చి 28నుండి, అందరును ఇండ్లలో నిర్బంధములో నున్నప్పుడు, దూరదర్శన్ మరల ప్రసారముచేయగా కోట్లకొలది జనము చెప్పిన వేళకే చూచిరి. 2023 నవంబరు 19న ప్రపంచ క్రికెట్ కప్పు ఆఖరి ఆట జరిగినప్పుడు హాట్‌స్టార్‌లో ఒకే క్షణమున 5.9 కోట్లమంది చూచిరని ఆ సంస్థ ప్రకటించినది. ఈ రెండవ ఉదాహరణము మరింత ఆలోచింపదగినది. అది ఓటీటీయే, అయినను ఆ వేళను నిర్ణయించినది చూచువారు కారు, టాస్ వేసినవారు. అనగా వేళ పంపువానిది, మార్గము నాటుట. మన రెండు జతలలో దేనికిని చెందని మూడవ జత ఇది. ఉన్నవానిలో మిక్కిలి ఖర్చైనదియు ఇదియే. ఏలనో లెక్క వేసి చూతము. విద్యార్థులు దీనిని నల్లబల్లపై వేసికొనవచ్చును.

టెలివిజన్ తెరపై స్పష్టముగా కనబడు చిత్రమునకు సెకనుకు సుమారు 5 మెగాబిట్లు కావలెననుకొందము. గంటకు 5 × 3,600 = 18,000 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు గనుక ఇది 2,250 మెగాబైట్లు, అనగా రెండుంపావు గిగాబైట్లు. దినమునకు 2 గిగాబైట్ల ప్యాకు వేయించుకొన్నవానికి గంట నిండకముందే ఆనాటి గ్రాసము అయిపోవును. ఫోనులోని చిన్న తెరకు సెకనుకు 1 మెగాబిట్టు చాలుననుకొన్నను గంటకు 450 మెగాబైట్లు కావలెను. ఇక ఊరి సంగతి. ఒక ఊరిలో వేయిమంది ఒకే ఆటను సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున చూచుచున్నారనుకొనుడు. టవరు ఒక్కొక్కరికి ఒక్కొక్క ప్రతిని పంపవలెను గనుక సెకనుకు 3,000 మెగాబిట్లు కావలెను. 20 మెగాహెర్ట్‌జుల వెడల్పుగల 4జీ తరంగపట్టీ, అన్నియు అనుకూలించినప్పుడు, ఒక దిక్కుకు సుమారు 150 మెగాబిట్లు ఈయగలదు. 150ని 3చే భాగించినచో ఏబది మంది! 5జీలో ఈ సంఖ్య ఎన్నో రెట్లు పెరుగును గాని లెక్క స్వభావము మారదు. చూచువారు పెరిగినకొలది భారము పెరుగుచునే యుండును.

ఇప్పుడు వెదజల్లు మార్గమును చూడుడు. 36 మెగాహెర్ట్‌జుల వెడల్పుగల ఒక ఉపగ్రహ ప్రసారిణి సెకనుకు ఇంచుమించు 40 మెగాబిట్లను మోయగలదు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఇరువది ఛానళ్ళు అందులో పట్టును. ఆ ఛానళ్ళను పూడిమడకలో ఒక్క ఇంటివారు చూచినను, కాశ్మీరమునుండి కన్యాకుమారివరకు పది కోట్ల ఇండ్లవారు చూచినను ఉపగ్రహముపై పడు భారము ఒక్కటే. చూచువాడు చేరినంతమాత్రమున అదనపు ఖర్చు పుట్టని సాధనము లోకములో అరుదు. వెదజల్లుటలోని గొప్ప ఇదియే.

ఇంకొక తేడాను ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చూపవచ్చును. క్రికెట్ ఆట జరుగుచున్నప్పుడు ఒక టీవీని, ఒక ఫోనును ప్రక్కప్రక్కన నుంచి, ఒకే బంతి రెండింటిలో ఎప్పుడెప్పుడు పడినదో గడియారముతో కొలిపింపుడు. ఉపగ్రహము 36,000 కిలోమీటర్ల ఎత్తుననున్నను పోయి వచ్చు దూరము 72,000 కిలోమీటర్లు; సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగమున దానికి పావు సెకనే పట్టును. చిత్రమును కుదించి, విప్పుటలో మరికొన్ని సెకనులు పోవును. ఇంటర్నెట్ మార్గములోనైతే చిత్రమును చిన్న చిన్న ముక్కలుగా కోసి, దారిలో అక్కడక్కడ నిలువచేసి, ఫోనులోను కొన్ని ముక్కలు ముందుగా పోగుపడిన తరువాతనే చూపుట ఆరంభింతురు. అందువలన అది అంతకంటె చాల వెనుకబడుట సామాన్యము. ప్రక్కింటివారి కేకవిని వికెట్టు పడినదని తెలిసికొనువారి బాధకు కారణమిదియే.

ఈ కష్టమునకు ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము మన చర్చకు మిక్కిలి ఉపకరించును. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి అంకితముచేసిన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌లో ఇంటర్నెట్, టెలిఫోను, టీవీ ఛానళ్ళు మూడును ఒకే గాజుతీగపై వచ్చును. ఇట్టి ఐపీ టీవీ వ్యవస్థలలో ఛానళ్ళను సాధారణముగా ‘మల్టీకాస్ట్’ అను పద్ధతిని పంపుదురు. ప్రధాన తీగపై ఒక్క ప్రతియే వచ్చును. దారి చీలినచోట మాత్రమే అది రెండుగా చీలును. కోరిన చిత్రమైనచో అదే తీగపై ఆ ఒక్క ఇంటికే వచ్చును. చూచువానికి రెండును ఒకే తెరపై కనబడును గాని లోపల ఒకటి వెద, ఇంకొకటి నాటు. ఇంటర్నెట్ వచ్చినంతమాత్రమున వెదజల్లుట పోలేదు, తీగలోనికి దూరినది. (ఫైబర్‌నెట్ తీగలను చాలవరకు విద్యుత్ స్తంభములమీదుగానే లాగిరి. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. తుపాను దగ్గర మరల పనికివచ్చును.)

ఇక ఒడ్డు విడిచి సముద్రము మీదికి పోదము. అసలు పరీక్ష అక్కడ కలదు. 

ఒడ్డునుండి 10, 12 కిలోమీటర్లు దాటినచో ఫోను పనిచేయదని ప్రభుత్వమువారే చెప్పుచున్నారు. దీనికి భూమి గుండ్రముగా నుండుటయే కారణమని కొందరు విద్యార్థులు చెప్పుదురు. అది సగము మాత్రమే నిజము. టవరు ఎత్తును మీటర్లలో తీసికొని, దాని వర్గమూలమును 4.1చే గుణించినచో రేడియో దిక్చక్రపు దూరము కిలోమీటర్లలో వచ్చును. 36 మీటర్ల టవరుకు 24.6 కిలోమీటర్లు, బోటులో నీటికి ఒక మీటరు ఎత్తున పట్టుకొన్న ఫోనుకు మరి 4.1. మొత్తము సుమారు 29 కిలోమీటర్లు. అయినను అందులో సగము దూరమునకే ఫోను మూగబోవుటకు కారణమేమి? టవరు ఆంటెన్నాలను ఊరివైపునకు, క్రిందికి వంచి యుంచుట ఒక కారణము. అంతకంటె ముఖ్యమైనది ఫోను బలహీనత. టవరు మాట ఫోనునకు చేరినను, ఫోను తిరిగి టవరుకు బదులు చెప్పవలెను. దాని శక్తి ఒక వాటులో అయిదవవంతు మాత్రమే. విజయవాడ ఆకాశవాణి మధ్యతరంగ ప్రసారిణి శక్తి 100 కిలోవాట్లు. అనగా ఫోను శక్తికి అయిదు లక్షల రెట్లు.

కోరినది చూచు పద్ధతికి ఉన్న అసలు హద్దు ఇక్కడ బయటపడుచున్నది. కోరవలెనన్నచో ముందు ఆ కోరిక అవతలికి చేరవలెను. రేడియో పెట్టె ఎవరికిని బదులు చెప్పనక్కరలేదు. చెవి యున్నచో చాలును. ఫోనునకు చెవితోపాటు నోరును కావలెను. నడిసముద్రములో ఆ నోరు పనిచేయదు.

హైదరాబాదులో 1999లో స్థాపింపబడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రము – ఇన్‌కాయిస్ అని పిలుచుచున్నారు – ఉపగ్రహములు కొలిచిన సముద్రోపరితల ఉష్ణోగ్రతను, నీటిలోని పత్రహరితమును బట్టి చేపలు దొరకు తావులను ఊహించి చెప్పుచున్నది. అలల ఎత్తును, గాలి వేగమును ముందుగా తెలుపుచున్నది. ఒడ్డుననున్నంతసేపు వీనిని ఫోనులో కోరి చూచుకొనుటయే మేలు. ఏలన రేడియోలో ‘కోస్తా ఆంధ్ర’ అని చెప్పు సమాచారము ఇచ్ఛాపురమునుండి తడవరకు వర్తించును. పూడిమడక ఎదుట ఈ మధ్యాహ్నము అల ఎంత లేచునో తెలియదు. ఇది వెదజల్లుటలోని లోపము. కాని బోటు బయలుదేరిన తరువాత పుట్టిన ప్రమాదమును తెలుపుట ఎట్లు? 2017 నవంబరు చివర ఓఖీ తుపాను కేరళ, తమిళనాడు తీరములలో వేటకు పోయినవారిని ఇట్లే సముద్రములో చిక్కించుకొన్నది. హెచ్చరిక వచ్చుసరికి వారు వినరాని దూరములో నుండిరి.

ఆ అనుభవము తరువాత 2019 అక్టోబరులో ఇన్‌కాయిస్, విమానాశ్రయముల సంస్థ కలిసి ‘జెమిని’ అను పరికరమును వెలువరించినవి. (జెమిని యనగానే మనకు సీరియళ్ళు తలపునకు వచ్చును. ఇది వేరు.) విమానములకు దారి చూపుటకు ఏర్పరచిన గగన్ ఉపగ్రహ వ్యవస్థనుండి హెచ్చరికలు సముద్రమంతటను వెదజల్లబడును. పెట్టె వానిని పట్టి బ్లూటూత్ ద్వారా బోటులోని ఫోనునకు అందించును. ఫోనులో టవరు సంకేతము లేకున్నను సందేశము కనబడును, నిలువయుండును, వలలు లాగిన తరువాత తీరికగా చూచుకొనవచ్చును. గమనించితిరా? మార్గము వెదజల్లుట, చూచు వేళ మాత్రము మత్స్యకారునిది. ఇది నాల్గవ జత. వేళను చూచువానికి విడిచిపెట్టుటకు వెదజల్లుటను మానుకొననక్కరలేదని ఇంతకంటె స్పష్టమైన ఋజువు ఏమి కావలెను?

జెమిని పరికరములో ఒక పెద్ద కొరత కలదు. అది వినును గాని పలుకదు. ఇంజను ఆగిన బోటువాడు దానితో సాయము అడుగలేడు. అందుచేత ఉపగ్రహము ద్వారా ఇరువైపుల చిన్న సందేశములు నడపు ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లలో అమర్చు పథకమును 2024 ఆగస్టు 30న ప్రారంభించిరి. హెచ్చరిక అందరికిని వెదజల్లబడుట, ఆపదలోనున్నవాడు తన మాట తాను చెప్పుకొనుట – రెండును అవసరములే. ఆ యంత్రములు ప్రతి బోటునకు చేరునా, ఉప్పుగాలికి ఎంతకాలము నిలుచును అనునవి ఒడ్డున తేలవలసిన ప్రశ్నలు.

నేలమీదనైనను తుపాను వేళ ఇదే న్యాయము వర్తించును. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేలమంది చనిపోయిరి. 1990 మే నెలలో దానితో పోల్చదగిన తీవ్రతగల తుపాను కృష్ణా డెల్టా ప్రాంతమునే తాకగా మృతుల సంఖ్య వేయికి లోపల నిలిచినది. ముందుగా జనమును పెద్దయెత్తున తరలించుట దీనికి ముఖ్యకారణము. ఆ హెచ్చరికకు తోడ్పడిన సాధనములలో ఒకటి 1980ల నడుమ ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తీరమున నెలకొల్పిన హెచ్చరిక వ్యవస్థ. తీరప్రాంతపు కార్యాలయములలో గ్రాహకములను ఉంచిరి. ఏ జిల్లాకు ప్రమాదమో ఆ జిల్లా సంకేతమును ఉపగ్రహము పంపగానే అచ్చటి పెట్టెలు తమంతట తామే మేల్కొని, సైరను మ్రోగించి, తెలుగులో మాట వినిపించెడివి. ఎవరును అడుగలేదు, ఎవరును మీట నొక్కలేదు. నిద్రించుచున్నవాడు తుపాను హెచ్చరికను కోరి చూచుకొనలేడు గదా.

2014 అక్టోబరు 12 మధ్యాహ్నము హుద్‌హుద్ తుపాను గంటకు 170, 180 కిలోమీటర్ల గాలులతో విశాఖపట్టణమువద్ద తీరము దాటినది. విద్యుత్ స్తంభములు కూలినవి. సెల్ టవర్లు మూగబోయినవి. అనేక ప్రాంతములకు ఎన్నో దినములు కరెంటు రాలేదు. ఆ స్థితిలో ఓటీటీ సంగతి చెప్పనక్కరలేదు. స్తంభములమీది గాజుతీగయు వానితోనే నేలపై పడును. అయితే ఛానళ్ళు మాత్రము చూపగలవా? ఇక్కడ దూరదర్శన్ వారి లోపమును కూడ చెప్పవలెను. వారు తమ నేలమీది పాత ప్రసారిణులను 2022 నాటికి దాదాపు అన్నింటిని మూసివేసి, కొన్ని ముఖ్యప్రదేశములలో మాత్రమే ఉంచుకొనిరి. 2004లో ఆరంభమైన ఫ్రీ డిష్ చాలునని తలచిరి. మామూలు దినములలో అది చౌకయైన మంచి సాధనమే. కాని డిష్‌కు వచ్చు తరంగముల పొడవు రెండున్నర సెంటీమీటర్ల ప్రాంతము. జోరువానలో నీటిచుక్కలు వానిని పీల్చి, చెదరగొట్టును. తుపాను గాలికి డిష్ కదలినచో బొమ్మ ఎటులను రాదు. 1980లనాటి హెచ్చరిక వ్యవస్థ వాడిన తరంగములు సుమారు 12 సెంటీమీటర్లవి. గగన్‌వి 19 సెంటీమీటర్లవి. విజయవాడ రేడియో తరంగము ఇంచుమించు 358 మీటర్లది. ఇవి వానను లెక్కచేయవు. మధ్యతరంగ రేడియో ప్రసారిణి నూరు మైళ్ళ దూరముననున్నను, ఊరిలో రెండు బ్యాటరీలున్న పెట్టె యున్నచో వినబడును. ఇట్టి మధ్యతరంగ ప్రసారిణులను గూడ ఆకాశవాణి ఇటీవలి సంవత్సరములలో ఒక్కొక్కటిగా కొన్నిచోట్ల నిలిపివేయుచున్నది. పాతవని, వినువారు లేరని కారణము చెప్పుచున్నారు. వినువారి సంఖ్యను సామాన్య దినములలో లెక్కించుట సరియైన కొలత కాదని నా ఆక్షేపణ. నూతికి గిలక కట్టునప్పుడు నీరు తోడని గంటలను లెక్కపెట్టి గిలక అనవసరమనుట వంటిది ఇది.

ఫోను తయారుచేయువారును, టెలిఫోను శాఖవారును వెదజల్లుటయొక్క విలువను గ్రహించినారని చూపు ఉదాహరణము పాఠకులలో చాలమంది జేబులోనే మ్రోగియుండును. 2023లో దేశమంతట ఫోనులు ఒక్కసారిగా వింత ధ్వనిచేసి, ఇది పరీక్షార్థము పంపిన సందేశమని చూపినవి. అది సామాన్యమైన ఎస్సెమ్మెస్ కాదు. ఎస్సెమ్మెస్ నంబరు వెంట నంబరుగా పోవును. లక్షమందికి పంపవలెనన్నచో లక్షసార్లు పంపవలెను. తుపాను వేళ రద్దీలో చిక్కుకొనును. ఈ కొత్త సందేశము సెల్ బ్రాడ్‌కాస్ట్ అనునది. టవరు ఒక్కసారి చాటింపు వేయును, దాని పరిధిలోనున్న ఫోనులన్నియు వినును, నంబర్లతో పనిలేదు. మన ఊళ్ళలో దండోరా వేసినట్లే. టవరు నిలిచియున్నంతవరకే ఇది పనిచేయుననుట మరువరాదు.

ఈ చర్చలో విజ్ఞానమును గూర్చి ఒక్క మాట చెప్పవలెను. ఓటీటీ వేదికలు మనము చూచినదానినిబట్టి తరువాత చూడదగినది ఏదో సూచించును. పోట్లాటల చిత్రము చూచినవానికి మరొక పోట్లాటల చిత్రమే ఎదురగును. సముద్ర ప్రవాహములనుగూర్చి వినని విద్యార్థి వానినిగూర్చి అడుగడు. అడుగనివానికి అవి కనబడవు. సైట్ ప్రయోగములో పంచాయతీ టీవీముందు కూర్చున్న గ్రామస్థుడు తాను అడుగని సంగతులను ఎన్నో చూచెను. ఈటీవీలో ఉదయము వచ్చు ‘అన్నదాత’ను పొలము లేనివారును చూచుటకు కారణము అది ఆ వేళకు అక్కడ ఉండుటయే. అయితే ఈ గుణమును చెప్పి నేటి ఛానళ్ళనన్నింటిని సమర్థింపలేము. అడుగని విజ్ఞానమును చూపవలసిన స్థానములో అడుగని ప్రకటనలను, ఒకే వార్తను నూరుసార్లు అరచుటను చూపుచున్నవి. తుపాను వచ్చుచున్నదనగానే విలేకరిని గొడుగుతో గాలిలో నిలువబెట్టుటయందున్న శ్రద్ధ, ఎన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసిరి, దానికి అర్థమేమి అని చెప్పుటయందు లేదు. ఇట్టి ఛానళ్ళు ఓటీటీ దెబ్బకు మూతబడినచో జాలిపడవలసిన అవసరము కనబడదు.

ఇతర దేశములవారు ఈ రెండింటిని వేరుచేసి చూచుటలో తలకొక దారి పట్టిరి. స్విట్జర్లాండ్ 2019 జూన్‌లో నేలమీది టెలివిజన్ ప్రసారములను ఆపివేసినది. అచ్చట కేబులు దాదాపు ఇంటింటను కలదు, తుపానులు లేవు. బ్రిటన్ తన నేలమీది టెలివిజన్‌ను 2034వరకు నిలుపుటకు హామీ యిచ్చినది. మనదేశములో కాన్పూరు ఐ.ఐ.టి. వారును, ప్రసార భారతియు కలిసి డైరెక్ట్ టు మొబైల్ అను పద్ధతిని పరీక్షించుచున్నారు; 2023లో ఢిల్లీ, బెంగుళూరు, నోయిడాలలో ప్రయోగములు జరిగినవి. నేలమీది ప్రసారిణి వెదజల్లు చిత్రమును ఫోనే నేరుగా, ఇంటర్నెట్ లేకుండ పట్టుకొనును. ఇందుకు ఫోనులో ప్రత్యేకమైన చిప్పు ఉండవలెను. ఖర్చు పెరుగునని ఫోను తయారీదార్లు అభ్యంతరము చెప్పుచున్నారు. నెలనెలా డేటా అమ్ముకొను టెలిఫోను కంపెనీలకును ఉచితముగా వచ్చు చిత్రము ఇష్టముండదని ఊహించుట కష్టము కాదు.

ఈ ప్రయోగములు జరిగినవి మహానగరములలో. అచ్చట గాజుతీగలు, టవర్లు, వై-ఫైలు ఎన్నో కలవు. వెదజల్లుటవలన కలుగు లాభము స్వల్పము. ఒకవైపు ఊరు, మరియొకవైపు టవరులేని నీరు గల పూడిమడక వంటి తీరమున ఎత్తైన ప్రసారిణి నొకటి నిలిపి, దాని ప్రసారము బోటులోని ఫోనునకు ఎన్ని కిలోమీటర్లవరకు అందునో, వానలో ఎంత తగ్గునో, కరెంటు పోయిన తరువాత జనరేటరుపై ఎన్ని దినములు నడచునో కొలిచి చూడవచ్చును. వేట నిషేధకాలములో బోట్లు ఒడ్డుననే యుండును గనుక ఫోనులు, పెట్టెలు అమర్చుటకు ఆ రెండు నెలలు అనుకూలమైనవి. అక్టోబరు, నవంబరు తుపానులు వచ్చునప్పటికి ఫలితములు చేతికి వచ్చును.